హీలర్ కంటే బ్లెస్ నయం
బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో మన జట్టు నలుగురిలో ఒకరిని పూర్తిగా హీలింగ్‌కే (గాయాలు నయం చేయడానికే) ఉంచాలని ఒక వ్యాసంలో రాశారు, నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మొదటిసారి ఆడినప్పుడు నేనూ అదే చేశాను. జట్టులోని క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పాత్ర) షాడోహార్ట్ ప్రతి టర్న్‌లో క్యూర్ వూండ్స్ అనే నయం చేసే మంత్రం వేయడం, నయమైనదంతా గాబ్లిన్లు ఒక్క దెబ్బతో లాగేయడం, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే ఉండేది. తర్వాత ఆమె చేత మొదటి టర్న్‌లోనే బ్లెస్ అనే మంత్రం వేయించడం మొదలుపెట్టా. ముగ్గురికి ప్రతి దాడి రోల్ (దెబ్బ తగులుతుందో లేదో తేల్చే పాచిక) మీదా 1 నుంచి 4 దాకా అదనంగా కలుస్తుంది, గురి తప్పడం తగ్గుతుంది, మనకు దెబ్బ తగిలేలోపే శత్రువు పోతాడు. కాకపోతే బ్లెస్ నిలిచేది కాన్సన్‌ట్రేషన్ (వేసినవాళ్ల ఏకాగ్రత) మీద, ఆమెకు దెబ్బ తగిలితే తెగిపోవచ్చు. అందుకే ఆమెను వెనక, వీలైతే ఎత్తు మీద నిలబెడతాను. ఎవరైనా పడిపోతే హీలింగ్ వర్డ్ అనే నయం చేసే మంత్రం ఉండనే ఉంది, బోనస్ యాక్షనే కదా (టర్న్‌లో అసలు పనితో పాటు చేసుకోగల చిన్న పని), దూరం నుంచే లేపొచ్చు. లేదంటే నయం చేసే పోషన్ సీసా వాళ్ల కాళ్ల దగ్గరికి విసిరినా పనవుతుంది (పక్కపక్కనే ఉంటే ఇద్దరికీ!). ఆమెకు మొదట వచ్చే ట్రిక్కరీ డొమైన్ (క్లెరిక్‌లలో ఒక ఉపవర్గం) మాత్రం నాకు నచ్చలేదు, పాత్రల వర్గాన్ని మార్చిపెట్టే విథర్స్ చేతిలో 100 బంగారు నాణేలు పెట్టి లైట్ డొమైన్‌కి మార్చేశా.