సవరణ: 13.6 కోట్లు షుగర్ ఉన్నవాళ్ల లెక్క కాదు

పోయిన వారం పోస్టులో "మన దేశంలో 13.6 కోట్ల మందికి షుగర్ ఉంది" అని రాశాను. అది తప్పు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, అంటే 11.4 శాతం. 13.6 కోట్లన్నది ప్రీడయాబెటిస్ (రక్తంలో చక్కెర మామూలు కంటే ఎక్కువే, కానీ షుగర్ జబ్బు అనేంత కాదు) ఉన్నవాళ్ల లెక్క, 15.3 శాతం. ఒకదాని అంకె ఇంకోదానికి ఎక్కించేశాను, క్షమించండి. ఈ శాతాలు కూడా మొత్తం జనాభాకి కాదు, 20 ఏళ్లు నిండినవాళ్లకే.

ఈ తేడా ఎంత ముఖ్యమో మా పిన్ని ఫోన్ చేసినప్పుడు తెలిసింది. ఆవిడ రిపోర్టులో పరగడుపు షుగర్ 116. నా పోస్టు చదివి, తనకీ షుగర్ వచ్చేసిందని టెన్షన్ పడి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పరగడుపున 126 గానీ ఆపైన గానీ ఉంటేనే షుగర్ అంటారు, అదీ మామూలుగా ఇంకోసారి పరీక్ష చేశాకే. 110 నుంచి 125 దాకా ఉంటే ఈ అధ్యయనంలో ప్రీడయాబెటిస్. ఈ దశలో బరువు తగ్గించుకుని రోజూ నడిస్తే చాలామందికి షుగర్ రాకుండా ఆపొచ్చు, లేదా కొన్నేళ్లు వెనక్కి నెట్టొచ్చు. పిన్నికి ముందు చెప్పాల్సింది ఇదే.

"పల్లెల్లో అంత భయం లేదు" అన్న వాక్యం కూడా తీసేశాను. షుగర్ పట్నాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం ఉన్న మాట నిజమే. కానీ ప్రీడయాబెటిస్ రెండుచోట్లా దాదాపు 15 శాతమే. పాత పోస్టు ఇంట్లో వాళ్లకి పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.