పావుగంట పక్షుల లెక్కకు ఇంటి దినచర్యే బలం

జనవరి వచ్చిందంటే చెన్నైలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తాబేళ్ల నడక గురించి మెసేజీలు మొదలవుతాయి. నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రిపూట తీరం వెంట నడిచి, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు పెట్టిన గుడ్లను జాగ్రత్తగా తీసి, అవి భద్రంగా పొదిగేందుకు ఏర్పాటు చేసిన హేచరీకి చేర్చే పని అది. విద్యార్థులు 1988లో బృందంగా ఏర్పడి మొదలుపెట్టిన ఈ పని ఇప్పటికీ సాగుతోంది. పిల్లల్ని తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది. కానీ అర్ధరాత్రి దాటాక ఇసుకలో అంత దూరం నడిచొచ్చిన పిల్లలు మర్నాడంతా నిద్రపోతారు, ఆ వారం ట్యూషన్లూ హోంవర్కులూ గాడి తప్పుతాయి. ఒకసారి వెళ్లొచ్చాక మళ్లీ ఆ ఊసు ఉండదు. అడిగితే 'మాకు టైమ్ ఎక్కడండీ' అంటారు.

టైమ్ లేకపోవడం అసలు సమస్య అని నేను అనుకోను. ఇంటి దినచర్యను తలకిందులు చేసే పనులనే ఎంచుకుంటున్నాం. అదే దినచర్య బలంగా మారే పని ఒకటుంది. అది పక్షుల లెక్క.

మీ మేడ మీద ఆదివారం పొద్దున ఏడింటికి పావుగంట నిలబడి, కనిపించినవీ వినిపించినవీ అన్నీ ఈబర్డ్ అనే పక్షుల నమోదు యాప్‌లో రాస్తే ఒక జాబితా అవుతుంది. ఒక్క జాబితాతో పెద్దగా తెలిసేదేమీ లేదు. అదే చోట, అదే వేళకు ఏడాది పొడవునా రాస్తే మాత్రం ఏ పక్షి తగ్గిందో, ఏది ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్లిందో బయటపడుతుంది. గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాయడం ఇక్కడ ముఖ్యం. కాకే కదా అని వదిలేయకూడదు. అన్నీ రాసిన జాబితాలో పిచ్చుక లేదంటే, ఆ పావుగంటలో అక్కడ పిచ్చుక కనబడలేదన్న సమాచారం కూడా అందినట్టే.

ఇలాంటి జాబితాల మీదే దేశస్థాయి నివేదికలు నిలబడ్డాయి. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' 942 జాతుల స్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం దాదాపు 30 వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన వివరాలు. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని ఏళ్ల తరబడి వింటున్నాం కదా. ఇదే పేరుతో అంతకుముందు 2020లో వచ్చిన నివేదిక లెక్క తీస్తే దేశం మొత్తమ్మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని, చెన్నైతో సహా పెద్ద నగరాల్లో మాత్రం తగ్గుతోందని తేలింది. నగరంలోని మేడల మీద నుంచి వచ్చే జాబితాల విలువ దీన్నిబట్టే తెలుస్తుంది.

వేళచ్చేరిలో ఉండేవాళ్లకు పక్కనే పళ్లికరణై చిత్తడినేల. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపును 2022లో పొందిన చోటు అది. అక్కడిదాకా వెళ్లలేని వారం కూడా బట్టలు ఆరేస్తూ తలెత్తితే గద్దలు, రామచిలుకలు, వరసగా పోయే కొంగలు కనిపిస్తాయి. ఇంట్లో ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో ఉంటే అంతకు మించిన గురువు దొరకరు. ఆకుల చాటున ఉన్న జెముడుకాకిని గొంతు విని చెప్పేస్తారు. తమిళం రాక, ఇరుగుపొరుగుతో మాటల్లేక పొద్దు గడవని పెద్దవాళ్లకు మనవడు ఫోన్ పట్టుకుని 'ఇదేంటమ్మమ్మా?' అని అడగడం ఎంత సంతోషమో నేను చూశాను.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇలాంటి కొత్త అలవాటు ఏది వచ్చినా గుర్తుపెట్టుకోవడం, పిల్లల్ని లేపడం, వెంటపడటం అన్నీ అమ్మ నెత్తినే పడతాయి. అలాగైతే నెల తిరక్కుండానే ఆగిపోతుంది. ఈ పావుగంటను నాన్న తీసుకోవాలి. అలారం ఆయన ఫోన్‌లోనే మోగాలి.

ఉత్సాహం తగ్గకుండా పొంగల్ సెలవుల్లో తమిళనాడు పక్షి పరిశీలకులు జరిపే లెక్క ఉంది, ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు చేసే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంది. తాబేళ్లను వదులుకోనక్కర్లేదు కూడా. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, పిల్లల పరీక్షలు అయిపోయే ఏప్రిల్‌లోనూ హేచరీల నుంచి తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటారు. అది సాయంత్రం పూట పని. ఫ్లాష్ వేయకుండా, వాటిని ముట్టుకోకుండా, వాలంటీర్లు చెప్పిన చోట నిలబడితే చాలు. రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరొచ్చు.