క్లార్క్ ‘రామా’ 2017లో నిజమైందా?

సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ 1973లో ‘రాండెవూ విత్ రామా’ అనే నవల రాశాడు. దాని గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది: గ్రహాంతరవాసుల నౌక వస్తుందని ఆయన ముందే చెప్పాడట, 2017లో ‘ఔమువామువా’గా వచ్చింది అదేనట, ఆకారం కూడా అచ్చం అలాగే ఉందట. వేరే నక్షత్రాల వైపు నుంచి మన సౌరకుటుంబంలోకి వచ్చినట్టు గుర్తించిన మొదటి వస్తువే ఈ ఔమువామువా. కానీ ఆ ప్రచారంలో ఏదీ నిలవదు.

ముందు ఆకారం సంగతి. నవలలో రామా 50 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు ఉన్న స్తూపాకారపు నౌక. ఔమువామువా మహా అయితే కొన్ని వందల మీటర్లు. అసలు దాని రూపం ఎవరూ చూడలేదు. ఎంత పెద్ద టెలిస్కోపులోనైనా అది వెలుగు చుక్కే. ఆ చుక్క కొన్ని గంటలకోసారి దాదాపు పది రెట్లు ప్రకాశవంతమై మళ్లీ మసకబారేది. దాన్నిబట్టే, పొడుగ్గానో పళ్లెంలా పలచగానో ఉండి పల్టీలు కొడుతోందని లెక్కగట్టారు. అందరూ పంచుకునే పొడవాటి రాయి ఫొటో కాదు, చిత్రకారుడి ఊహ.

‘దానంతటదే వేగం పెంచుకుంది’ అన్నది రెండో వాదన. సూర్యుడి ఆకర్షణ ఒక్కదానితో కుదరని చిన్న తేడా దాని గమనంలో ఉన్న మాట నిజమే. హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త అవీ లోబ్ అది కాంతి తెరచాప, అంటే సూర్యకాంతి నెడితే కదిలే పలచటి తెర, కావచ్చన్నారు. కానీ మంచులో చిక్కుకున్న హైడ్రోజన్ బయటికి రావడం కూడా అంత తోపు ఇవ్వగలదని 2023లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుతో విన్నా ఏ సంకేతమూ అందలేదు.

నౌకకు పెట్టిన రాముడి పేరులోనూ రహస్యం లేదు. ఆకాశంలో కనబడే వస్తువులకు పెట్టడానికి గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి హిందూ దేవతల దాకా వచ్చారని నవలే చెబుతుంది.

క్లార్క్ ఊహల్లో నిజమైంది వేరే ఉంది, దాన్ని ఎవరూ షేర్ చేయకపోవడమే బాధ. నవలలో 2077లో ఉల్క పడి ఉత్తర ఇటలీ నాశనమవుతుంది. ఇంకోసారి అలా జరగకూడదని ఆకాశాన్ని కాపు కాసే ‘స్పేస్‌గార్డ్’ పెడతారు. రామా మొదట ఆ స్పేస్‌గార్డ్ కంటికే పడుతుంది. భూమి దగ్గరికొచ్చే గ్రహశకలాల గాలింపుపై 1992లో వచ్చిన నాసా నివేదికకు ఆ పేరే పెట్టారు. ఔమువామువాను కనిపెట్టిన హవాయి టెలిస్కోపు పాన్-స్టార్స్ చేసే పనీ ఆ గాలింపే. కాకపోతే కనబడేసరికే ఔమువామువా సూర్యుణ్ని చుట్టి తిరుగుముఖం పట్టింది. 2018 జనవరి మొదట్లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకు కనబడిందే ఆఖరు.

2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు మూడో నక్షత్రాంతర అతిథిని, సూర్యుణ్ని చేరడానికి దాదాపు నాలుగు నెలల ముందే పట్టుకుంది. భూమిని ఢీకొనే శకలాల గురించి హెచ్చరించడానికి పెట్టిన టెలిస్కోపు అది.