ఇన్ని ఎకరాలు గడ్డికా?

బెంగళూరులో కారు పార్కింగు కోసం అన్నదమ్ములే కొట్టుకు చస్తుంటే, ఊరికి వాయవ్యాన హెసరఘట్టలో 5,678 ఎకరాలు గడ్డికి ధారపోశారు. ఆ గడ్డినేలను సంరక్షణ రిజర్వు చేయాలన్న ప్రతిపాదనను 2021లో రాష్ట్ర వన్యప్రాణి బోర్డు బుద్ధిగా తోసిపుచ్చింది. 2024 అక్టోబరులో అదే బోర్డుకు ఏం పట్టిందో, సరేనంది. అక్కడ ఫిల్మ్ సిటీ వస్తుందని ఆశపడ్డవాళ్ల గతేం కాను?

మా మారతహళ్లి తెలుగు సంఘం తరఫున పరిశీలనకు వెళ్లాం. ముందు గజం ఎంత పలుకుతుందో లెక్కేసి, ఆ తర్వాతే పూలు చూశాం. సగం గోరంత కూడా లేవు. అరుదైన మొక్క అన్నాక కాస్త కనబడొద్దూ! ఇలాంటి సారం లేని తడినేలల్లో పెరిగే డ్రోసెరా అయితే, నత్రజని చాలక ఆకుల మీది జిగురుతో పురుగుల్ని పట్టి తింటుందట. అంత తెలివైనది, కారు వస్తుంటే పక్కకు తప్పుకోవడం నేర్చుకోలేదు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కొచ్చిన జంట డ్రోన్ వైపు చూస్తుందా, కాళ్ల కిందకు చూస్తుందా?

మా సంఘానికి పూలంటే గిట్టదనుకునేరు. బతుకమ్మకు గునుగు పూలు హైదరాబాదు నుంచి బస్సులో తెప్పిస్తాం. అదీ బీళ్లలో తనంతట మొలిచేదే. కాకపోతే కట్టకట్టి, రంగు అద్ది, రేటు చెబితేనే మాకు పువ్వులా కనిపిస్తుంది.

అక్కడే మా కోశాధికారి గారికి మహత్తరమైన ఆలోచన వచ్చింది: చెట్లు నాటుదాం! చెట్టు లేని నేలను బంజరని రాసుకుని, గడ్డి మీద జాలిపడి చెట్లు నాటడం తెల్లదొరలు నేర్పిన సంప్రదాయమే. గడ్డి తన కర్బనాన్ని చాలావరకు వేళ్లలో, మట్టిలో దాచుకుంటుందట. ఇక్కడ కురిసే వాన అర్కావతి నదికి చేరుతుందట. నీడ పడితే ఎండ కోరే పూలూ, లెస్సర్ ఫ్లోరికన్ లాంటి గడ్డి పిట్టలూ ఉండవట. అన్నీ నిజమే కావచ్చు. కానీ మట్టిలో దాచుకున్నది సెల్ఫీలో పడదు కదండీ.

పార పట్టామో లేదో, గొర్రెలు మేపుకునే పెద్దాయన అడ్డొచ్చాడు. ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడే పాత కాపురాలు ఉన్నాయి. ‘‘ఈడ చెట్లెందుకు సామీ? గొర్రెలేం తినాల?’’ అన్నాడు.

లిఖితపూర్వకంగా ఇమ్మన్నాం. ప్రెసిడెంటు గారు మినిట్స్‌లో రాయించారు: స్థానికులకు పర్యావరణ స్పృహ తక్కువగా ఉంది, వచ్చే ఆదివారం అవగాహన సదస్సు, భోజనాలు ఎవరి ఖర్చు వారిదే.