న్యూయార్క్ కత్తెర గారికి ఓ బహిరంగ లేఖ

ఆర్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మావైపు కుశలం కాస్త తక్కువే. యూరప్ నుంచి ఓడెక్కి మీ రేవులో దిగి, అమెరికా పంపిణీ కంపెనీల చేతిలో కోతపడ్డ మూకీ సినిమాల తరఫున ఈ ఉత్తరం.

మూకీలు కావడమే వాటి ఖర్మ. తెర మీద పెదవులు కదులుతాయి, ఏమన్నారో టైటిల్ కార్డు చెబుతుంది. జర్మన్ కార్డు పీకేసి ఇంగ్లీషు కార్డు అతికిస్తే మీ పని అయిపోయేది. మీరేమో పనిలో పనిగా కథ కూడా మార్చేశారు. నోరు లేనిది ఎదురు చెప్పదని ధీమా.

మీకంటే ముందొచ్చిన దొంగలే నయం. ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ 1902లో తీసిన చంద్రయాత్ర సినిమాను ఎడిసన్ కంపెనీ పైసా ఇవ్వకుండా కాపీలు తీసి అమ్ముకుంది. ఫిలడెల్ఫియాలో లుబిన్ అనే వ్యాపారి అదే సరుకును అంగారక యాత్ర అని అంటగట్టాడు. మెలియెస్ 1903లో తన అన్న గాస్తోన్‌ను న్యూయార్క్‌కు కాపలా పంపాల్సి వచ్చింది. ఇలాంటి దొంగలకు భయపడే ఫ్రాన్స్‌లోని పాతే కంపెనీ సెట్లో గోడకు తన కోడిపుంజు గుర్తు తగిలించి షూటింగ్ చేసేది. ఎంత దొంగలైనా, వాళ్లు సినిమాను నిండుగా ఎత్తుకెళ్లారు. మీరు డబ్బిచ్చి కొని మరీ ముక్కలు చేశారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీ పేరెత్తితే మీ జనానికి మంట. అందుకని జర్మన్ దర్శకుడు లుబిచ్ తీసిన ‘మదాం దుబారీ’ని 1920లో ‘ప్యాషన్’గా మార్చి, పుట్టినూరు దాచిపెట్టి, న్యూయార్క్ కాపిటల్ థియేటర్లో వదిలారు. జనం ఎగబడ్డారు. రెండేళ్లు తిరిగేసరికి లుబిచ్‌నీ, అందులో నాయిక పోలా నేగ్రీనీ ఏకంగా హాలీవుడ్‌కే పిలిపించుకున్నారు. అప్పటికి మంట చల్లారిందేమో!

1921లో అదే హాల్లో ‘కాలిగరి’ అనే జర్మన్ సినిమా వేశారు. అది ఫ్రాన్సిస్ అనే పిచ్చివాడి కథ. అలా వదిలేస్తే జనానికి నిద్ర పట్టదని, సినిమా అయ్యాక స్టేజీ మీదికి మనుషుల్ని ఎక్కించి, ఫ్రాన్సిస్‌కు జబ్బు నయమైంది, హాయిగా కాపురం చేసుకుంటున్నాడు అని చెప్పించారు. ఈ ఒక్కచోటే మీరు కోయకుండా అతికించారు. ఏది ఎక్కువ నష్టమో నేను తేల్చుకోలేను.

అసలు పగ మీకు జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపొలిస్’ మీదే అనుకుంటాను. హాలీవుడ్ కంపెనీలు పారమౌంట్, ఎంజీఎం కలిసి ఆ సినిమా నిర్మించిన ఊఫా కంపెనీకి 40 లక్షల డాలర్లు అప్పిచ్చాయి. అప్పిచ్చినవాడి చేతికి కత్తెర కూడా వచ్చింది. 1927 జనవరిలో బెర్లిన్‌లో రెండున్నర గంటలు ఆడిన సినిమాను నాటక రచయిత చానింగ్ పొలాక్ ముందు పెడితే, దాదాపు నాలుగోవంతు నేల మీద పడింది. రోట్‌వాంగ్ అనే శాస్త్రవేత్త ఇంట్లో తెర లాగితే ఒక పెద్ద రాతి తల కనిపిస్తుంది, పీఠం మీద చనిపోయిన ప్రియురాలి పేరు. హెల్. ఆ పేరు చూస్తే మీ ప్రేక్షకులకు నరకం గుర్తొస్తుందని రాతి తలనే లేపేశారు. ఆవిడ కోసమే అతను ఒక యంత్ర మనిషిని చేస్తున్నాడండీ! ఆవిడే లేకపోతే, ఇంత బాధపడుతూ యంత్రం ఎందుకు చేస్తున్నాడో తెలియక జనం తల గోక్కున్నారు. కథ అర్థం కావట్లేదని తప్పు మళ్లీ దర్శకుడి మీదికే! ఇంకా తమాషా ఏమిటంటే, అదే ఏడాది ఊఫా వాళ్లు సొంత ఊళ్లో కూడా మీ కొలతకే కోసి మళ్లీ విడుదల చేశారు.

ఫ్రెంచి దర్శకుడు గాన్స్ ‘నెపోలియన్’ సంగతి ఎత్తను. మూడు తెరల మీద పక్కపక్కనే నడిచే ముగింపును తీసేసి, బాగా కుదించి, ఆ తర్వాత ఆడలేదని ఆశ్చర్యపోయారట.

‘మెట్రోపొలిస్’లో మీరు కోసినవి 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దొరికాయి. మీ చెయ్యి పడకుండా అర్జెంటీనాకు చేరిన సినిమాకు 16 ఎంఎం నకలు అది. ఒళ్లంతా గీతలే, అయినా దాదాపు 25 నిమిషాలు తిరిగొచ్చాయి. రోట్‌వాంగ్, నగర యజమాని ఫ్రెడర్సెన్ కొట్టుకునే సీను మాత్రం ఇంకా దొరకలేదు. మీ గోదాంలో ఏ మూలనైనా ఉంటే పంపగలరు. అంతవరకూ ఆ చోట టైటిల్ కార్డు వేసి నెట్టుకొస్తున్నారు. ఈసారి కార్డులో రాసింది నిజమే లెండి.

ఇట్లు,
కోతకు ముందు టికెట్టు కొనలేకపోయిన ఒక ప్రేక్షకుడు