ఫేస్‌బుక్ వదిలేస్తున్నారా? డిలీట్ అన్నిటికంటే చివర్న నొక్కండి

ఏళ్ల తరబడి తెలుగులో రాసినవాళ్లు ఒక్కొక్కరే ఫేస్‌బుక్ ఖాళీ చేస్తున్నారు. వాళ్లను తప్పు పట్టను. ఒకావిడ పోస్టు కింద ఎవడో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు బూతులు రాస్తాడు. రిపోర్టు కొడితే నియమాలకు విరుద్ధం కాదని జవాబొస్తుంది. అదే బూతును ఆవిడ తెలుగు లిపిలో ఎత్తిరాసి ‘వీడు నన్నిలా అంటున్నాడు’ అని పెడితే ఆవిడ పోస్టే ఎగిరిపోతుంది. పోస్టులను వడబోసే యంత్రానికి మాట దొరుకుతుంది గానీ ఎవరు, ఎందుకన్నారో అందదు. మన రిపోర్టు తెలుగు చదివే మనిషి దాకా వెళ్లిందో లేదో తెలుసుకునే దారీ లేదు.

ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో బయటపెట్టిన పత్రాల ప్రకారం, తప్పుడు సమాచారాన్ని పట్టుకోవడానికి ఆ కంపెనీ పెట్టిన బడ్జెట్‌లో 87 శాతం అమెరికాకే పోయింది. ఆ లెక్క అసంపూర్ణమని కంపెనీ అంది. ఎంత సవరించినా తెలుగు వాటా గొప్పగా ఉంటుందని నేను నమ్మను.

అయినా సరే, కోపం మీద డిలీట్ నొక్కకండి. ఊళ్ల చరిత్రలు, మాండలిక పదాలు, పద్యాల మీద వాదనలు, పుస్తకాల్లోకి ఎక్కనివి ఎన్నో ఆ పోస్టుల్లోనే ఉన్నాయి.

ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్లి మీ సమాచారం డౌన్‌లోడ్‌కి అభ్యర్థన పెట్టండి. తేదీల దగ్గర ‘ఆల్ టైమ్’, ఫొటోల నాణ్యత దగ్గర ‘హై’ ఉన్నాయో లేదో చూసుకోండి. చూడకుండా నొక్కితే పాత పోస్టులు రాకపోవచ్చు, ఫొటోలు కుదించుకుపోవచ్చు. ఫైలు సిద్ధమయ్యాక లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది, వెంటనే దించుకోండి.

ఫార్మాట్ విషయంలో తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. చదువుకోవడానికైతే బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ చాలు. ప్రోగ్రాములు చదవడానికి వీలైన జేసన్ తీసుకుంటే ఒక్కో తెలుగు అక్షరం స్థానంలో మూడేసి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని చెరిపేయకండి. తెలుగు అక్షరాలను కంప్యూటర్ దాచే పద్ధతి యూటీఎఫ్-8; అందులో ఒక్కో అక్షరానికి వచ్చే బైట్లను విడివిడి అక్షరాలుగా రాయడం వల్ల వచ్చే తేడా అది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆ వాక్యాన్ని లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు తిరిగొస్తుంది.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. మీ పోస్టు కింద ఇతరులు రాసిన కామెంట్లు ఆ ఫైల్లో రావు. చాలాసార్లు పోస్టు కంటే కింద జరిగిన చర్చే విలువైనది కదా! అలాంటి పోస్టుల్ని కంప్యూటర్‌లో తెరిచి, మడిచి ఉన్న కామెంట్లన్నీ విప్పి, ప్రింట్‌లో పీడీఎఫ్‌గా దాచుకోవాలి. విసుగు పనే, అడ్డదారి లేదు.

మీరు నడిపే ఫేస్‌బుక్ పేజీకి పూర్తి అధికారం మీ ఒక్కరికే ఉంటే మీ ఖాతాతో పాటు పేజీ కూడా పోతుంది. మరొకరికి ఆ అధికారం ఇచ్చి, వాళ్లు ఒప్పుకున్నారని చూసుకున్నాకే కదలండి. గ్రూపులకూ ఇంకో అడ్మిన్‌ను పెట్టండి. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే యాప్‌లను ఈమెయిల్‌కి మార్చుకోండి.

అన్యాయంగా పోస్టు తీసేశారనిపిస్తే వెళ్లేముందు పోరాడండి. భారత్‌లో ఉన్నవాళ్లు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయొచ్చు. ఆ నిర్ణయం నచ్చకపోతే అందిన 30 రోజుల్లోపు కేంద్రం ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేయొచ్చు. స్క్రీన్‌షాట్లు, తేదీలు, లింకులు అప్పటికప్పుడు దాచుకుంటేనే అక్కడ మాట నిలుస్తుంది. ఈ దారి ఉందని చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

ఎక్కడికి వెళ్తున్నారో చివరి పోస్టులో రాసి, స్నేహితులు చూసేదాకా కొన్నాళ్లు ఉంచండి. డీయాక్టివేట్ చేస్తే ఖాతా దాగుతుందంతే, మెసెంజర్ నడుస్తూనే ఉంటుంది. డిలీట్ నొక్కాక 30 రోజుల్లోపు లాగిన్ అయితే రద్దు చేసుకోవచ్చు. కాబట్టి మనసు మారకూడదనుకుంటే ఫోన్లోంచి యాప్ కూడా తీసేయండి. సర్వర్లలోంచి పూర్తిగా చెరగడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. మీరు పంపిన మెసేజ్‌లు మాత్రం అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో అలాగే ఉంటాయి.