నడిపితేనే రేసు కారు

పాత రేసు కార్లను మ్యూజియంలోనే ఉంచాలి, ట్రాక్ మీద నడపడం రిస్క్ అని కొందరు రాస్తుంటారు, ఆ వాదనతో నేను ఏకీభవించలేను. ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్‌లో 1966లో ఆగిన రేసులు 1998లో రివైవల్ పేరుతో, ఆ కాలపు కార్లతోనే మళ్లీ మొదలయ్యాయి. ఆ కార్ల సన్నటి టైర్లకు పట్టు తక్కువ. మలుపులో కారు పక్కకు జారుతుంటే డ్రైవర్ స్టీరింగ్ ఎదురు తిప్పి కాచుకోవడం మనకు కళ్లారా కనిపిస్తుంది. ఆ చేతుల పనే అసలు అందం!

ఇటలీలో మామూలు రోడ్ల మీద జరిగిన మిల్లె మిలియా రేసులో, 1955లో బ్రిటిష్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ పక్కన దారి చెప్పడానికి కూర్చున్న జెంకిన్సన్, దారి వివరాలు రాసుకున్న పొడవాటి కాగితపు చుట్టను పెట్టెలో తిప్పుతూ సైగలతో మలుపులు చెప్పాడు. ఇంజన్ మోతలో మాట వినపడదు మరి. దాదాపు 1,600 కిలోమీటర్లు 10 గంటల 7 నిమిషాల్లో!

ప్రమాదం లేదనను. 1957లో కారు జనంలోకి దూసుకెళ్లిన దుర్ఘటనతో మిల్లె మిలియా రోడ్డు రేసునే ఆపేశారు. గట్టిగా తనిఖీ చేశాక, మూసిన ట్రాక్ మీదే నడపమనండి, ఒప్పుకుంటాను.